నీటిని మోసిన డబ్బా

మోటారు గృహములలో దేశసంచారము చేయు యాత్రికులు ఐరోపాలోను అమెరికాలోను పెద్దసంఖ్యలో కలరు. పడక, పొయ్యి, బల్ల, దీపము అన్నియు బండిలోనే అమరియుండును. వీనికితోడు నేలక్రిందనో, కూర్చుండు బల్లక్రిందనో మంచినీటి తొట్టి యొకటి యుండును. అది సాధారణముగా 100 లీటర్ల వరకు పట్టును. మజిలీచేయుచోట కొళాయి దగ్గరగా నున్నచో గొట్టము తగిలించి నింపుకొందురు. కొళాయి దూరమైనను, గొట్టము చాలకున్నను, డబ్బాతో నీళ్లు మోసికొనివచ్చి, బండిప్రక్కనున్న మూత తీసి, గరాటు పెట్టి పోయవలసినదే. నూరు గుఱ్ఱముల బలమున్న ఇంజను ఎదుటనే యున్నను, నీరు మాత్రము మనుష్యుని చేతిబలముతోనే బండి యెక్కును.

ఈ పని చూచుటకు అల్పమైనది. కాని ప్రయాణములో నీటిని దేనిలో పట్టవలెను, ఎట్లు మోయవలెను, ఎట్లు ఒంపవలెను అను ప్రశ్నలకు సరియైన సమాధానము దొరకుటకు చాలకాలము పట్టినది. దొరకిన పిమ్మట గూడ దానిని గుర్తింపలేక కొన్ని దేశములు భారీ మూల్యము చెల్లించుకొన్నవి.

వినోదముకొరకు కట్టించిన మొట్టమొదటి గృహశకటముగా పేరుపొందినది 1885 నాటిది. దానిని కట్టించినవాడు విలియం గోర్డన్ స్టేబుల్స్ అను స్కాట్లండు దేశీయుడు. ఆయన బ్రిటిషు నౌకాదళములో వైద్యుడుగా పనిచేసి విరమించినవాడు. బాలురకు సాహసకథలు వ్రాయుటలో ప్రసిద్ధుడు. బ్రిస్టల్ నగరమున తయారైన ఆ బండికి ‘వాండరర్’, అనగా దేశదిమ్మరి, అని పేరుపెట్టెను. బరువు సుమారు రెండు టన్నులు. రెండు గుఱ్ఱములు దానిని లాగెడివి. ఇరుకుదారులలో ఎదురువచ్చు బండ్లను హెచ్చరించుటకు ఆయన సేవకుడు మూడుచక్రముల సైకిలుపై ముందుగా పోవుచుండెను. ఇంగ్లండు దక్షిణభాగమున నున్న ట్వైఫర్డు నుండి బయలుదేరి, స్కాట్లండు ఉత్తరమున నున్న ఇన్వర్నెస్ వరకు ఆ బండి ప్రయాణము సాగినది. మరుసటి యేడు ఆయన ఆ యాత్రను పుస్తకముగా ప్రకటించెను. బండిని నేటికిని భద్రపరచియున్నారు.

ఆ కాలమున పల్లెదారిలో నీరనగా బావియో, చేతిపంపో, వాగో. నీరు దొరకుట కన్న మంచినీరు దొరకుట కష్టము. లండనులోని బ్రాడ్‌స్ట్రీట్ పంపునీటివలన కలరా వ్యాపించినదని జాన్ స్నో అను వైద్యుడు చూపి, ఆ పంపు పిడిని తీసివేయించినది 1854లో. కలరాకు కారణమైన సూక్ష్మజీవిని రాబర్ట్ కోఖ్ ఈజిప్టులోను, పిదప మన కలకత్తాలోను పరిశోధించి తేల్చినది 1883–84లో. అనగా స్టేబుల్స్ బండి కదలుటకు కేవలము ఒక సంవత్సరము ముందు. తేటగా నున్న నీరెల్ల మంచినీరు కాదని వైద్యలోకము అప్పుడప్పుడే నమ్ముచుండినది. మన దేశమున ఎడ్లబండిపై దూరప్రయాణము చేయువారు ఎండిన సొరకాయబుఱ్ఱలోనో చెంబులోనో ఇంటి బావినీరే వెంట తీసికొనిపోవుటలో రుచిమాత్రమే కాక రక్షణయు గలదు.

మోటారు వచ్చిన పిమ్మట బండి వేగము పెరిగినది గాని నీటిచిక్కు తీరలేదు. 1910లో న్యూయార్కునందు ప్రదర్శింపబడిన పియర్స్–ఆరో కంపెనీవారి ‘టూరింగ్ లాండా’ అను కారును తొలి మోటారుగృహములలో ఒకటిగా చెప్పుదురు. దానిలో వెనుకసీటు పడకగా మారును. డ్రైవరుసీటు వెనుకనుండి మడతవిప్పగనే చేతులు కడుగుకొను తొట్టి యొకటి వచ్చును. ముచ్చటైన ఏర్పాటే. కాని సంపన్నుల విహారమునకై కట్టిన ఆ బండి నీటివిషయమున క్రొత్తగా నేర్పినది తక్కువ. పాఠము ఎడారిలో దొరకినది.

ఎడారిలో మోటారునకును మనుష్యునకును ఒకే దాహము. రేడియేటరులో నీరు మరిగి ఆవిరియై పోవును. దానిని తిరిగి నింపుటకు త్రాగునీరే పోయవలసివచ్చును. రాల్ఫ్ బాగ్నోల్డ్ అను బ్రిటిషు సైనికోద్యోగి 1929 మొదలు ఫోర్డుకార్లతో లిబియా ఎడారిలో సంచారములు చేసెను. ఇసుకతిన్నెలు ఎట్లు కదలునో భౌతికశాస్త్రరీత్యా వివరించి 1941లో ప్రసిద్ధగ్రంథము వెలువరించినవాడు ఈయనయే. నీటికొరకు ఆయన వాడిన ఉపాయము చిన్నది. రేడియేటరునుండి ఆవిరి బయటికి పోవు దారిని మూసి, ఒక గొట్టముద్వారా దానిని బండిప్రక్కన బిగించిన డబ్బాలోని చన్నీటిలోనికి మళ్లించెను. ఆవిరి చన్నీటిలో కలిసి నీరగును. ఇంజను చల్లారగనే రేడియేటరులో మిగిలిన ఆవిరి ఘనీభవించి, లోపలి పీడనము తగ్గును. అప్పుడు బయటి వాతావరణపీడనము డబ్బాలోని నీటిని అదే గొట్టమువెంట రేడియేటరులోనికి త్రోయును. మనుష్యుడు చేయిపెట్టకయే తొట్టి నిండును! రెండవ ప్రపంచయుద్ధకాలమున 1940లో ఆయన నెలకొల్పిన ఎడారిగస్తీదళపు బండ్లకు గూడ ఈ ఏర్పాటే ఉండెను.

ఇంజను నీటిని ఇట్లు దక్కించుకొనవచ్చును గాని మనుష్యులు త్రాగునీటిని ఏదో ఒక పాత్రలో మోయక తప్పదు. అప్పటి బ్రిటిషుసేన వాడిన పాత్ర తెలుగుపాఠకులకు బాగుగా ఎరుకైనదే. నాలుగు గాలనుల, అనగా సుమారు 18 లీటర్ల, నలుపలకల రేకుడబ్బా. మన ఇండ్లలో కిరసనాయిలు అయిపోయిన తరువాత పైరేకు కోసి, అడ్డముగా కఱ్ఱ బిగించి, నీళ్లు తోడుటకు వాడిన డబ్బావంటిదే. ఇంటివాడుకకు అది మంచి వస్తువు. కాని ఉత్తర ఆఫ్రికాలో రాళ్లపై ఎగిరిపడుచు పోవు లారీలో అది నిలువదు. పలుచని రేకు, అతుకులు మూలలమీద. ఒక డబ్బా మూల మరొక డబ్బాను పొడుచును, అతుకు విడును, లోనిది కారిపోవును. సైనికులు దానికి ‘ఫ్లిమ్సీ’ అని, అనగా పసలేనిదని, పేరుపెట్టిరి. స్థావరమునుండి పంపిన పెట్రోలులో దాదాపు 30 శాతము దారిలోనే నష్టమైనదని అంచనా వేసిరి. నీటికిని అదే గతి. పైగా త్రుప్పుపట్టిన డబ్బాలో నీటిరుచియు చెడును. తలకు రోజుకొక గాలను, అనగా నాలుగున్నర లీటర్లు, మాత్రమే నీరు దొరకు రోజులలో కారిపోయినది ఎంతటి విలువగలదో ఊహింపవచ్చును. ఆ డబ్బాను సగమునకు కోసి, ఇసుకనింపి, పెట్రోలుపోసి, తేనీరు కాచుకొనుటకు పొయ్యిగా వాడుకొనిరి. ఆ పనికి మాత్రము అది చక్కగా పనికివచ్చినది.

ఎదుటిపక్షమువారి డబ్బా వేఱు. జర్మనీలోని ష్వెల్మ్ పట్టణమున ఒక సంస్థలో ప్రధాన ఇంజనీరుగా నున్న విన్‌ట్సెన్ట్స్ గ్ర్యూన్‌ఫోగెల్ 1937లో సైన్యమునకై 20 లీటర్ల ఉక్కుడబ్బాను రూపొందించెను. జర్మనులను బ్రిటిషు సైనికులు ఎగతాళిగా ‘జెర్రీలు’ అనెడివారు. అందుచే అది లోకమున ‘జెర్రీక్యాను’ అయినది. నేటికిని ప్రపంచమంతట సైనికవాహనములకు తగిలించి కనబడునది ఇదే.

దీనిని ఎదుట పెట్టుకొని పరిశీలించినచో ప్రతి భాగమునకు ఒక కారణము కనబడును. రెండు అచ్చురేకులను నడుమ వెల్డింగుచేసి కలిపిరి. ఆ అతుకు పైకి పొడుచుకొనిరాక లోనికి దిగియుండును. కావున ఎక్కడ తగిలినను అతుకునకు దెబ్బతగులదు. ప్రక్కలమీద గుణకారపుగుర్తువలె నొక్కిన గాడులు రేకునకు బలమిచ్చును. ఎండకు లోనిద్రవము వ్యాకోచించినచో డబ్బా కొంత ఉబ్బుటకు వీలునిచ్చును. పైభాగమున నున్న మూపులో కొంత గాలి ఎప్పుడును నిలిచియుండుటచే నీటిలో పడినచో తేలును. మూతను త్రిప్పవలసిన పనిలేదు. మీటవంటి బిగింపు ఒకటి చేతితోనే తీయవచ్చును. డబ్బా మందము సుమారు 17 సెంటీమీటర్లు మాత్రమే యగుటచే నడచునప్పుడు కాలిప్రక్కన అంటిపెట్టుకొని వచ్చును.

పిడులు మూడు. ఇవి అందమునకై పెట్టినవి కావు. నిండుడబ్బాను ఒక్కడు మోయునపుడు నడిమిపిడి పట్టును. ఇద్దరు మోయునపుడు చెరియొక ప్రక్కపిడి పట్టుదురు. ఖాళీడబ్బాలు రెండింటిని చేర్చిపెట్టినచో వాని ప్రక్కపిడులు ఒకదాని ప్రక్క ఒకటి వచ్చును. రెండును ఒకేచేతిలో ఇముడును. అనగా ఒక్కడు నాలుగు ఖాళీడబ్బాలతో నడవగలడు. వరుసలో నిలిచి చేతినుండి చేతికి అందించుకొనుటకును ఈ పిడులే అనుకూలము.

మరియొక విశేషము మూతియొద్ద నున్నది. నిండుసీసాను తలక్రిందులు చేసినచో నీరు ధారగా పడక బుడబుడమని ఆగియాగి పడును. నీరు వెలుపలికి వచ్చిన కొలది లోపలి గాలి పలుచనగును. బయటిగాలి అదే మూతిలోనుండి లోనికి దూరవలసివచ్చును. ఒకే ద్వారమున రాకయు పోకయు జరుగుటచే రెండును పెనగులాడును. జెర్రీక్యాను మూతిలో సన్నని గాలిగొట్టము ఒకటి మూపులోని గాలివరకు పోవును. నీరు ఒకదారిని, గాలి ఇంకొకదారిని పోవుటచే ధార ఎడతెగక పడును. గరాటు లేకయే పోయవచ్చును. దీనిని తరగతిలో సులభముగా చూపవచ్చును. లీటరుసీసాను నింపి బోర్లించి, ఖాళీయగుటకు పట్టిన కాలమును గుర్తింపవలెను. మరల నింపి, సన్నని రబ్బరుగొట్టమును సీసా అడుగునకు తాకునట్లు చొనిపి, రెండవ కొసను బయట ఉంచి బోర్లింపవలెను. రెండుకాలములకు గల భేదము విద్యార్థులను ఆశ్చర్యపరచును.

ఈ డబ్బా శత్రుదేశములకు చేరిన కథ యుద్ధరంగమున కాక ఒక మోటారుయాత్రలో మొదలైనది. ఆ యాత్ర గమ్యస్థానము భారతదేశము. పాల్ ప్లైస్ అను అమెరికా ఇంజనీరు బెర్లినులో పనిచేయుచుండెను. 1939 వేసవిలో ఆయన ఒక జర్మనుసహోద్యోగితో కలిసి భూమార్గమున ఇండియాకు పోవుటకై ప్రత్యేకముగా ఒక బండిని తయారుచేసికొనెను. అంతయు సిద్ధమైన పిదప అత్యవసరమునకు నీరు నిలువచేసికొనుటకు బండిలో ఏర్పాటే లేదని తెలిసినది. జర్మనుసహచరునికి టెంపెల్‌హోఫ్ విమానాశ్రయమున నిలువయున్న డబ్బాల సంగతి తెలియును. అవి సైనికరహస్యము. ఆయన అందులో మూడింటిని తెచ్చి బండికి తగిలించెను. దారిలో అనేక దేశముల సరిహద్దులు దాటిరి. నడుమ గోరింగ్ పంపిన విమానము వచ్చి ఆ జర్మనుఇంజనీరును స్వదేశమునకు తీసికొనిపోయెను. పోవుటకు ముందు ఆయన డబ్బా నిర్మాణవివరములన్నియు మిత్రునికి చెప్పెను. ప్లైస్ ఒంటరిగా కలకత్తా చేరి, బండిని అచ్చట భద్రపరచి, విమానములో అమెరికాకు వెళ్లెను.

అమెరికా సేనాధికారులకు ఆయన ఈ డబ్బా సంగతి చెప్పినను, మాదిరి లేనిదే ఎవరును పట్టించుకొనలేదు. బండి ఓడలో చుట్టుదారిని 1940 వేసవికి న్యూయార్కు చేరినది. ఒక డబ్బాను వాషింగ్టనుకు పంపగా, అధికారులు చూచి, మొదటి ప్రపంచయుద్ధపు పాతడబ్బాను కొంత సవరించినచో చాలునని తేల్చిరి. పిమ్మట మేరీలాండులోని క్యాంపు హోలాబర్డులో నమూనాకు నకలు చేసిరి గాని, పరిమాణమును ఆకారమును పిడులను మాత్రము నిలిపి, లోనికి దిగిన వెల్డింగు అతుకు స్థానమున మడతఅతుకు పెట్టిరి. పెట్రోలుడబ్బా మూత తీయుటకు రెంచియు, పోయుటకు గరాటును కావలసివచ్చెను. ఏది ముఖ్యమో ఏది కాదో తెలియక నకలు తీసినచో ఇట్లే యగును. బ్రిటిషువారికి అంతకన్న మంచిబుద్ధి పుట్టినది. ఆఫ్రికాలో చేజిక్కిన శత్రువుల డబ్బాలను వారి సైనికులు అప్పటికే ముద్దుగా దాచుకొనుచుండిరి. ప్లైస్ రెండవ డబ్బాను విమానములో లండనుకు తెప్పించి ఇచ్చెను. దానిని ఉన్నదున్నట్లుగా తయారుచేయ నారంభించిరి. 1945 మే నాటికి ఐరోపాలో ఈ డబ్బాలు రెండుకోట్లకు పైగా చేరియుండెను. అవి లేకున్నచో ఫ్రాన్సులో తమసేనలు అంతవేగముగా పోగలిగియుండెడివి కావని 1944లో అధ్యక్షుడు రూజ్వెల్టు ప్రకటించెను.

పెట్రోలును నీటిని ఒకేవిధమైన డబ్బాలలో మోయుటలో ఒక ప్రమాదమున్నది. పొరపాటున పెట్రోలుడబ్బాలో నీరు పట్టినచో అది త్రాగుటకు పనికిరాదు. ఎడారిలో దాని ఫలితము ప్రాణాపాయమే. అందుచే జర్మనులు నీటిడబ్బాలపై తెల్లని సిలువగుర్తు వేసిరి. అమెరికావారు నీటిడబ్బాకు మూతినే వెడల్పుచేసి వేఱుచేసిరి. చీకటిలో తడిమిచూచినను తెలియును. ఇది వారి నకలులో మెచ్చదగిన మార్పు.

ఇక డబ్బానుండి తొట్టిలోనికి పోయుట. 20 లీటర్ల నీటిబరువు 20 కిలోలు. ఉక్కుడబ్బాతో కలిసి 24 కిలోలకు పైమాట. తొట్టి మూతి నేలనుండి ఒక మీటరు ఎత్తున నున్నదనుకొందము. ఒక్కసారి ఎత్తుటకు చేయవలసిన పని సుమారు 240 జౌళ్లు. 100 లీటర్ల తొట్టికి ఐదుడబ్బాలు. మొత్తము 1,200 జౌళ్లు. ఇది కిలోకేలరీలో మూడవవంతు కన్న తక్కువ. కండరములు తినిన ఆహారశక్తిలో నాలుగవ ఐదవవంతు మాత్రమే పనిగా మార్చునని లెక్కకట్టినను కిలోకేలరిన్నర మించదు. ఒక చెంచాడు పంచదారలో దీనికి పదిరెట్లున్నది. అట్లయిన తొట్టి నింపినవానికి నడుము ఏల పట్టుకొనును?

భౌతికశాస్త్రము చెప్పు ‘పని’ వేఱు, శరీరముపై పడు భారము వేఱు. డబ్బాను ఎత్తి, చేతులుచాచి, కదలక పట్టుకొని ఒంపుచున్నపుడు డబ్బా దాదాపు కదలదు. కాన శాస్త్రరీత్యా పనియే లేదు. కాని డబ్బా భారము వెన్నెముకకు 40 సెంటీమీటర్ల దూరమున నున్నచో దాని భ్రామకము సుమారు 94 న్యూటన్ మీటర్లు. దానిని నిలుపు వెన్నుకండరములు వెన్నెముకకు 5 సెంటీమీటర్ల దూరముననే లాగును. కావున అవి 1,880 న్యూటన్ల, అనగా దాదాపు 190 కిలోల బరువునకు సమానమైన, బలమును చూపవలెను. వంగిన శరీరపు బరువు దీనికి అదనము. మన కావడిలో భారము రెండుప్రక్కల సమముగా వ్రేలాడి, బుజముమీదుగా నిలువునా నేలకు దిగుటచే ఈ బాధ చాలవరకు తప్పును. అందుచేతనే కిరసనాయిలు డబ్బాలు రెండింటిని కావడికి తగిలించి మోసినవారు ఊరంతటికి నీళ్లుపోయగలిగిరి.

ఉపాయశాలులైన యాత్రికులు డబ్బాను చేతిలో పట్టుకొని ఒంపరు. ఎత్తైన మెట్టుమీదనో బల్లమీదనో నిలిపి సైఫనుగొట్టము వేయుదురు. ఇందువలన ఎత్తుటకు చేయు పని ఏమాత్రము తగ్గదు. పట్టుకొని నిలుచు శ్రమ మాత్రము పోవును. డబ్బాలోని నీటిమట్టము గొట్టపు చివరికన్న అరమీటరు పైననున్నచో, టోరిసెల్లీ సూత్రము ననుసరించి వేగము సెకనుకు 3.1 మీటర్లు. 12 మిల్లీమీటర్ల వ్యాసముగల గొట్టములో 20 లీటర్లు ఒక నిమిషములోపున దిగవలెను. గొట్టములోని ఘర్షణవలనను, మట్టము క్రమముగా పడిపోవుటవలనను నిజముగా రెండుమూడు నిమిషములు పట్టును. డబ్బా నేలమీదనే యున్నచో సైఫను పనిచేయదు. నీరు తనంతట తాను ఎగువకు పోదుగదా! అప్పుడు చేతిపంపు కావలెను. పంపుతోను మొత్తము పని అంతే, కాని అది చిన్నచిన్న దెబ్బలుగా పంచబడును. తొట్టికి గూడ గాలిపోవు రంధ్రము ఉండితీరవలెను. లేనిచో గొట్టము మూతిని మూసివేయగా లోనిగాలి బిగిసి, నీరు వెనుకకు చిమ్మును. జెర్రీక్యాను మూతిలోని నీతియే ఇచ్చటను.

యుద్ధానంతరము మిగిలిపోయిన డబ్బాలు చవుకగా యాత్రికులకు దొరకినవి. 1951లో వెస్ట్‌ఫాలియా అను జర్మనుసంస్థ ఫోక్స్‌వాగన్ బండిలో అమర్చుటకు పడకపెట్టెను తయారుచేసెను. ఇట్టి బండ్లలో ఎందరో ఐరోపానుండి ఇండియాకు భూమార్గమున వచ్చిరి. 1979లో ఇరాన్, ఆఫ్గనిస్థానములలో కలిగిన సంక్షోభములతో ఆ రాకపోకలు నిలిచిపోయినవి. ఈలోగా డబ్బా పదార్థము మారినది. 1933లో ఇంగ్లండునందు ఫాసెట్, గిబ్సన్ అనువారి ప్రయోగములో అనుకొనకుండ దొరకిన పాలిథీన్, రెండుమూడు దశాబ్దములలో ఉక్కుకు బదులు నీటిపాత్రయైనది. త్రుప్పుపట్టదు, తేలిక. ఆఫ్రికాలోని పలుపల్లెలలో వంటనూనె వచ్చిన పచ్చని ప్లాస్టిక్ జెర్రీక్యానే నేడు నీటిపాత్ర. దానిని మోయువారు ఎక్కువగా స్త్రీలు, బాలికలు. యాత్రికునికి వారమున కొకసారి వచ్చు నడుమునొప్పి వారికి నిత్యము. ఈ భారమును చూచి 1991లో దక్షిణాఫ్రికాకు చెందిన పెట్టీ పెట్జర్, యోహాన్ యోంకర్ అను ఇంజనీర్లు 90 లీటర్ల పీపాకు పిడితగిలించి నేలమీద దొర్లించునట్లు చేసిరి. నీటిబరువు నెత్తిని కాక నేలనే ఆనుకొనియుండును. మనుష్యుడు దొర్లుడు ఘర్షణను మాత్రము జయించిన చాలును. ఐరోపా కారవానువారును దొర్లుడుపీపాలను వాడుచున్నారు.

అయినను మోటారుగృహముల మజిలీలలో తఱచుగా కనబడు సాధనము ఇవేవియు కావు. పూలమొక్కలకు నీళ్లుపోయు పొడవుముక్కు డబ్బా. పదిలీటర్లకు మించదు గనుక నడుమునకు సుఖము. ముక్కు తొట్టిమూతిలో ఇముడును గనుక గరాటు అక్కరలేదు. పైభాగము తెరచియుండుటచే గాలి యథేచ్ఛగా లోనికి పోవును. బుడబుడ లేకుండ ధార ఎడతెగక పడును. పదిమారులు కొళాయికి తిరిగినచో తొట్టి నిండును.